గాస్కెట్ పోతే బండి పోయినట్టు కాదు

ఎండలు ముదిరే కొద్దీ కరీంనగర్, ఆదిలాబాద్ మెకానిక్ షెడ్లకు హెడ్ గాస్కెట్ పోయిన పాత కార్లు వరస కడతాయి. గాస్కెట్ పోయిందనగానే చాలామంది యజమానులు ఇంజిన్ మొత్తం పోయినట్టే బెంబేలెత్తుతారు. పదిహేనేళ్ల మారుతి 800 మీదో, పాత ఇండికా మీదో ఇంకా డబ్బు పోయడం దండగని, వచ్చిన కాడికి తుక్కు కింద అమ్మేస్తారు. ఇంకొందరు తక్కువలో పని కానిచ్చుకుందామని హెడ్డు ఎలా ఉందో చూడకుండానే కొత్త గాస్కెట్ వేయించి, మరో ఎండాకాలం రాకముందే బండిని మళ్లీ అదే షెడ్డుకు తోసుకుంటూ తెస్తారు. రెండు నష్టాలూ తప్పించుకోదగ్గవే. పాతకాలపు సాదా ఇంజిన్ ఉన్న కారుకు హెడ్ గాస్కెట్‌ను ఇంటి వాకిట్లో కూడా మార్చుకోవచ్చు. పని ఎక్కడ జరిగిందన్నది పెద్ద విషయం కాదు. కొలిచి చేశారా, అందాజా మీద చేశారా అన్నదాన్ని బట్టే ఆ పని నిలుస్తుంది. ఆ కొలతలూ, కొలిచే పనిముట్లూ మామూలు మనిషికి అందడం లేదు. అందించాల్సిన బాధ్యత కార్ల కంపెనీలది, ప్రభుత్వానిది.

ఈ సంగతి ఈ రెండు ఉమ్మడి జిల్లాలకు ఎక్కువగా వర్తించడానికి కారణం ఉంది. 1983 డిసెంబర్‌లో రోడ్డెక్కిన మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. అంతకు నాలుగేళ్ల ముందే, 2010 ఏప్రిల్‌లో హైదరాబాద్ సహా 13 నగరాల్లో భారత్ స్టేజ్-4 ప్రమాణాలు అమల్లోకి రావడంతో ఆ నగరాల్లో 800 అమ్మకం నిలిచిపోయింది. మిగతా ఊళ్లలో మాత్రం చివరిదాకా అమ్మారు. అంటే మన వైపు ఈ కారును ఆఖరున కొన్నవాళ్లు జిల్లాలవాళ్లే. 2016లో జిల్లాలు ముక్కలయ్యాయి గానీ పాత నంబర్ ప్లేట్లు అలాగే ఉన్నాయి. ఏపీ 01 ప్లేటుతో మంచిర్యాలలో, ఏపీ 15 ప్లేటుతో జగిత్యాలలో తిరిగే చిన్న కార్లకు ఇంకా పని ఉంది. ఆస్పత్రికి, అంగడికి, పెళ్లికి, పొలం దాకా. ఇలా వాడే బండి ఏడాదికి తిరిగే కిలోమీటర్లు తక్కువ. దాని స్థానంలో కొత్త కారుకు నెలనెలా కిస్తీ కట్టగలిగే ఇళ్లు అంతకంటే తక్కువ.

సిలిండర్ బ్లాక్‌కూ దానిపై కూర్చునే హెడ్డుకూ నడుమ మిల్లీమీటరు అటూఇటూ మందంతో ఉండే పలక ఈ గాస్కెట్. సిలిండర్‌లో మండే వాయువును బయటికి పోనివ్వదు, పక్కనే పారే నీళ్లను లోపలికి రానివ్వదు, ఆయిల్‌ను దాని దారిలో ఉంచుతుంది. చాలా చిన్న కార్లలో బ్లాక్ ఇనుముది, హెడ్డు అల్యూమినియంది. వేడికి అల్యూమినియం ఇనుముకు దాదాపు రెట్టింపు సాగుతుంది. 30 సెంటీమీటర్ల పొడవున్న హెడ్డు 70 డిగ్రీలు వేడెక్కితే సుమారు అర మిల్లీమీటరు పెరుగుతుంది, కింద ఉన్న ఇనుము పావు మిల్లీమీటరే పెరుగుతుంది. స్టార్ట్ చేసి ఆపిన ప్రతిసారీ ఆ మిగతా పావు మిల్లీమీటరు రాపిడిని గాస్కెట్టే భరించాలి. హెడ్డు, బ్లాక్ రెండూ ఇనుమువే అయిన పాత అంబాసిడర్‌కు ఈ బాధ తక్కువ. ఆ బండి బరువుతో పాటు ఆ మొండితనం కూడా ఇనుము నుంచి వచ్చిందే.

దీనికి మన ఎండను కలపండి. రేడియేటర్ చల్లబరిచే శక్తి నీటి వేడికీ బయటి గాలి వేడికీ ఉన్న తేడా మీద ఆధారపడుతుంది. ఇంజిన్ నీళ్లు 90 డిగ్రీల దగ్గర ఉన్నాయనుకుంటే, బయట 25 ఉన్నప్పుడు తేడా 65. ఆదిలాబాద్‌లోనో రామగుండంలోనో మే నెలలో 45 తాకితే తేడా 45కు పడిపోతుంది. అదే రేడియేటర్, అదే ఫ్యాను, పని మాత్రం దాదాపు మూడో వంతు తగ్గినట్టు. కొత్త బండిని ఇంత ఎండకు కూడా తట్టుకునేలా తయారుచేస్తారు. పదిహేనేళ్లు వాడిన బండిలో ఆ అదనపు శక్తిని మనమే తినేసి ఉంటాం.

ఎలా తింటామంటే, ముందు నీళ్లతో. రాతి నేలల్లో తోడిన బోరు నీళ్లు కాగిన గిన్నె అడుగున తెల్లటి చారలు ఎలా కడతాయో, రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ అలాగే పొరలు కడతాయి. కూలెంట్ ఖరీదని పక్కన పెట్టి, ఏ నీళ్లు దొరికితే ఆ నీళ్లు పోసుకుంటూ పోతే కొన్నేళ్లకు గొట్టాలు పూడిపోతాయి. కూలెంట్‌ను చలిదేశాల వాళ్లకే అవసరమైన గడ్డకట్టని మందుగా చూడటం మన దగ్గర పాతుకుపోయిన పొరపాటు. అది తుప్పును ఆపుతుంది, నీళ్లు మరిగే స్థానాన్నీ కొంత పెంచుతుంది. రెండో తప్పు థర్మోస్టాట్ వాల్వ్ పీకేయడం. మన ఎండలకు అదెందుకని తీసి పారేసే అలవాటు షెడ్లలో ఉంది. కొన్ని ఇంజిన్లలో ఆ వాల్వ్ తీసేస్తే నీళ్లు రేడియేటర్‌కు పోకుండా పక్కదారిన తిరిగి మళ్లీ ఇంజిన్‌లోకే వస్తాయి. అంటే చల్లబడాల్సింది పోయి ఇంకా వేడెక్కుతుంది. చలికాలం ఉష్ణోగ్రతలు ఒక అంకెకు దిగే ఆదిలాబాద్ ఏజెన్సీలో అదే బండి సరిగ్గా వేడెక్కక పెట్రోలు తాగుతుంది. మూడోది మూత. రేడియేటర్ మూతలోని రబ్బరు, స్ప్రింగు సరిగా ఉంటే లోపలి ఒత్తిడి వల్ల నీళ్లు 120 డిగ్రీల దరిదాపులకు చేరేదాకా మరగవు. వదులైన మూతతో వందకే మరుగుతాయి. అతి తక్కువ ఖర్చయ్యే ఆ మూతను మార్చకపోవడం వల్ల పోయిన గాస్కెట్లు ఎన్నో.

నిర్మల్ దగ్గరి మహబూబ్ ఘాట్‌లోనో, కెరమెరి ఘాట్‌లోనో నిండు బండి ఎక్కుతూ ఆవిరి కక్కిందంటే అంతకు ముందే ఈ మూడింట్లో ఏదో ఒకటి జరిగి ఉంటుంది. అప్పుడు చేసే తప్పులు వేరే ఉన్నాయి. నీళ్లు పూర్తిగా పోయాక సెన్సర్ చుట్టూ ఆవిరే మిగలడంతో టెంపరేచర్ ముల్లు ఒక్కోసారి కిందికి దిగుతుంది. డ్రైవర్ హమ్మయ్య అనుకుని బండి నడుపుతూనే ఉంటాడు. ఇంకొకరు కాలుతున్న ఇంజిన్‌లో చల్లటి నీళ్ల బాటిల్ గుమ్మరిస్తారు. హెడ్డు వంగేది, చిట్లేది ఇలాంటప్పుడే.

కాబట్టి గాస్కెట్ పోవడం రోగం కాదు, ముదిరిన రోగం బయటపడటం. పాత పలక తీసి కొత్తది వేసినంత మాత్రాన పూడిన రేడియేటర్ తెరుచుకోదు, వంగిన హెడ్డు చదును కాదు. నిజానికి ఇంట్లో చేసుకునే పనికి ఉన్న పెద్ద బలం ఇక్కడే ఉంది. షెడ్డులో సాయంత్రానికల్లా ఆ జాగా ఖాళీ కావాలి, రేపటి బండి బయట నిలబడి ఉంటుంది. వాకిట్లో బండి నాలుగు రోజులు నిలబడినా అడిగేవాళ్లు లేరు. హెడ్డును లేత్ షాపుకు పంపి తెప్పించడానికి, రేడియేటర్ విప్పి కడిగించడానికి, బోల్టు రంధ్రాలు ఒక్కొక్కటీ తుడవడానికి ఓపికే పెట్టుబడి. పైగా మన దగ్గర ఇంట్లో మరమ్మతు అంటే యజమాని ఒక్కడే పానాలు పట్టుకుని కూర్చోవడం అరుదు. తెలిసిన మెకానిక్‌ను ఇంటికి పిలిపించుకుని, పక్కన నిలబడి చేయించుకోవడమే ఎక్కువ. బోల్టులు ఎవరు విప్పినా ఏం చేస్తున్నారో యజమానికి తెలుస్తుంది.

విప్పే ముందు నిజంగా గాస్కెట్టేనా అని తేల్చుకోవాలి. ఆయిల్ మూత కింద పాల మీగడలాంటి జిగురు కనిపించగానే తీర్పు చెప్పేస్తారు గానీ, చలికాలంలో దగ్గరి దూరాలే తిరిగే బండికి తేమ చేరినా అది వస్తుంది. నమ్మదగ్గ గుర్తులు వేరు. చల్లటి ఇంజిన్‌కు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేస్తే ఆగకుండా బుడగలు రావడం, స్టార్ట్ చేసిన నిమిషంలోనే పై హోస్ పైపు రాయిలా బిగుసుకోవడం, కారడం ఎక్కడా లేకుండా నీళ్లు తగ్గడం, పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లలో కంప్రెషన్ పడిపోవడం. వీటిలో కనీసం రెండు కనిపించకుండా హెడ్డు దించడం తొందరపాటే.

అసలు పనిలో తప్పులు జరిగే చోట్లు కొన్నే. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. వేడి మీద బోల్టులు వదిలితే అల్యూమినియం ఆ వంపులోనే చల్లారుతుంది. విప్పేటప్పుడు చివరి బోల్టుల నుంచి మధ్యకు, బిగించేటప్పుడు మధ్య నుంచి చివరలకు, అదీ ఒక్కసారిగా కాకుండా దఫాలుగా రావాలి. టైమింగ్ బెల్టు తీసే ముందు గుర్తులు కలిపి ఫొటో తీసుకుంటే తర్వాత జుట్టు పీక్కునే పని ఉండదు. దించిన హెడ్డును తుడిచి, స్ట్రెయిట్ ఎడ్జ్‌ను నిలువునా అడ్డంగా మూల నుంచి మూలకూ పెట్టి, కింది సందులో ఫీలర్ గేజ్ దూర్చి చూడాలి. చిన్న పెట్రోల్ ఇంజిన్లలో చాలావాటికి ఒప్పుకునే వంపు 0.05 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. అది తలవెంట్రుక మందం కంటే తక్కువ. కంటికి ఆనదు, గోటికి తగలదు. బాగానే ఉంది అని చేత్తో తడిమి చెప్పే మాటకు ఇక్కడ విలువ లేదు. వంపు హద్దు దాటితే లేత్ షాపులో ఫేసింగ్ కొట్టించాల్సిందే. ఎమరీ కాగితంతో రుద్దితే వంపు పోదు సరికదా కొత్త గుంటలు పడతాయి. బ్లాక్ పైభాగాన్నీ అలాగే కొలవాలి, చాలామంది ఇది మరిచిపోతారు.

తర్వాతది బోల్టు రంధ్రాలు. అడుగు మూసుకుని ఉండే రంధ్రంలో కాస్త నీరో ఆయిలో మిగిలినా, బోల్టు దిగుతున్నప్పుడు అది తప్పుకునే దారి లేక బ్లాక్‌నే చిట్లగొట్టగలదు. ఇక బిగింపు. పానాకు పైపు తగిలించి ఒంటి బలమంతా పెట్టడం మన షెడ్లలో చూసే దృశ్యమే. ఒక బోల్టు ఎక్కువ, ఒకటి తక్కువ బిగిస్తే గాస్కెట్ ఒకవైపు నలిగి మరోవైపు వదులుగా ఉంటుంది. మరకు ఆయిల్ రాశారా, పొడిగా ఉంచారా అన్నదాన్ని బట్టి కూడా అదే టార్క్‌కు, అంటే తిప్పే బలానికి, బిగువు మారుతుంది. ఏది ఎలా చేయాలో ఆ ఇంజిన్ సర్వీస్ మాన్యువల్ చెప్పాలి. డీజిల్ బండైతే ఇంకో మెలిక ఉంది. చాలా డీజిల్ ఇంజిన్లలో పిస్టన్ బ్లాక్ కన్నా ఎంత పైకి వస్తుందో కొలిచి, దానికి తగిన మందం ఉన్న గాస్కెట్ కొనాలి. గాస్కెట్ అంచున ఉండే గాట్లు, రంధ్రాలు ఆ మందానికి గుర్తులు. షాపువాడు ఇచ్చింది తెచ్చి వేస్తే అదృష్టం మీద ఆధారపడటమే.

ఇంత సున్నితమైన పనిని ఇంట్లో చేయమనడం ప్రమాదం కాదా, మెకానిక్‌ల పొట్ట కొట్టడం కాదా అని అడగొచ్చు. సున్నితమైన పని కాబట్టే కొలత అడుగుతున్నాను. ఆ బలాన్ని కొలిచే టార్క్ రెంచ్ లేని షెడ్డుకూ, టార్క్ రెంచ్ ఉన్న వాకిలికీ మధ్య ఎంచుకోమంటే వాకిలే మేలు. ఇక ఉపాధి సంగతికొస్తే, ఫేసింగ్ లేత్ షాపులోనే జరగాలి, రేడియేటర్ కడిగేది ఆ పనివాడే, విడిభాగాలు అమ్మేది ఊళ్లోని దుకాణమే. తుక్కుకు పోయే బండి వీళ్లెవరికీ పని ఇవ్వదు, బాగయ్యే బండి ఇస్తుంది. సింగరేణి గనులు, ఎన్టీపీసీ, సిమెంటు ఫ్యాక్టరీల్లో దశాబ్దాలుగా ఫిట్టర్లుగా, మెషినిస్టులుగా చేయి తిరిగినవాళ్లు ఉన్న ప్రాంతం ఇది. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి వీధుల్లో ఫీలర్ గేజ్ చదవడం తెలిసినవాళ్లకు కొదవ లేదు. అయితే ఇంట్లో చేసేవాళ్ల మీద ఒక బాధ్యత తప్పకుండా ఉంది. కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం. మోరీలో పారబోస్తే కుక్కలు, దూడలు నాకి చస్తాయి. వాడిన ఆయిల్ 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది. ఈ రెంటినీ డబ్బాల్లో పట్టి, ఆయిల్‌ను సేకరించేవాళ్లకు అప్పగించే ఓపిక లేకపోతే ఇంట్లో పని పెట్టుకోకూడదు.

కాలుష్యం పేరుతో వచ్చే అభ్యంతరం ఇంతకంటే బరువైంది. పాత కార్లు ఎక్కువ పొగ వదులుతాయి, ఎయిర్‌బ్యాగులు లేవు, వీటిని బతికించడం దేనికని అడుగుతారు. రోజూ హైదరాబాద్ వెళ్లొచ్చే మనిషి రాజీవ్ రహదారి మీద పాత 800ను నమ్ముకోవడం సరికాదని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఊళ్లోనే తిరుగుతూ అప్పుడప్పుడు రోడ్డెక్కే కారు వదిలే పొగ ఎంత, దానికి బదులు కొత్త కారుకు కావాల్సిన ఉక్కు, అల్యూమినియం, రంగు, కరెంటు ఎంత అన్న లెక్క కూడా వేయాలి. గాస్కెట్ లీకై కూలెంట్ మండిస్తూ తిరిగే కారే అసలైన కాలుష్యం, దాన్ని బాగుచేయడమూ కాలుష్య నియంత్రణే. ప్రభుత్వ విధానం మాత్రం వయసునే చూస్తోంది. తుక్కు విధానాన్ని 2021 ఆగస్టులో ప్రారంభించారు. పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుమును 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి 5,000కు పెంచారు. ఇరవై ఏళ్లు దాటితే 10,000 అని 2025 ఆగస్టులో నోటిఫికేషన్ ఇచ్చారు. ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గిన బండికి కూడా ఇంత వసూలు చేయడం పొగను శిక్షించడం కాదు, పేదరికాన్ని శిక్షించడం.

కొత్త కార్ల సంగతి వేరు. ఒకసారి సాగితే మళ్లీ పనికిరాని బోల్టులు, కోణం కొలిచి బిగించే పద్ధతి, టర్బోలు, సెన్సర్లు. వాటి జోలికి ఇంట్లో వెళ్లకపోవడమే మంచిది.

ఇక ఆ కొలతలు ఎవరి దగ్గర ఉన్నాయో చూద్దాం. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. మారుతి, టాటా, మహీంద్రా కూడా ఆ జాబితాలో ఉన్నాయి. విడిభాగాలను, మరమ్మతు పనిముట్లను, సాంకేతిక సమాచారాన్ని బయటి మెకానిక్‌లకు అందనివ్వకుండా మార్కెట్‌ను తమ గుప్పిట్లో పెట్టుకున్నారన్నది అభియోగం. కంపెనీలు కోర్టులకెక్కాయి. అమెరికాలోని మసాచుసెట్స్‌లో అంతకు రెండేళ్ల ముందే, 2012లో, ఓటర్లు కార్ల మరమ్మతు హక్కు చట్టానికి ఓటేశారు. ఆ ఒత్తిడికి 2014లో కంపెనీలు దేశమంతటికీ వర్తించే ఒప్పందానికి దిగివచ్చాయి. మన దగ్గర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కుపై కమిటీ వేసి, ఆ ఏడాది డిసెంబర్‌లో పోర్టల్ తెరిచింది. వాహనాలూ అందులో ఒక విభాగమే. కానీ సమాచారం ఇవ్వని కంపెనీని నిలదీసే ప్రత్యేక చట్టం రాలేదు. తయారీ ఆగిపోయి పదేళ్లు దాటిన ఇంజిన్ హెడ్డు బోల్టుకు ఎంత టార్క్ పెట్టాలన్నది ఏ కంపెనీకీ వ్యాపార రహస్యం కాదు. అలాంటి నమూనాల సర్వీస్ మాన్యువళ్లను ఉచితంగా, తెలుగు సహా భారతీయ భాషల్లో బయటపెట్టమని ఆదేశించడానికి కేంద్రానికి పెద్ద ఖర్చేమీ లేదు.

పనిముట్ల విషయంలో రాష్ట్రం చేయగలిగింది ఇంకా తేలిక. 2024 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలుపెట్టింది. వ్యయం 2,324 కోట్లు. రోబోటిక్స్, ఎలక్ట్రిక్ వాహనాలు నేర్పడం మంచిదే, కాదనను. దానితో పాటు ఉత్తర తెలంగాణలోని ప్రతి ఐటీఐలో ఒక బీరువా పెట్టి, రెండు టార్క్ రెంచ్‌లు, ఒక స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజ్, కంప్రెషన్ గేజ్ ఉంచి, ఆధార్ కార్డు చూసి డిపాజిట్ మీద అద్దెకు ఇస్తే అయ్యే ఖర్చు ఆ వేల కోట్లలో లెక్కకే రాదు. తెచ్చిన హెడ్డును కొలిచి చూపించే పనిని విద్యార్థులకు అప్పగిస్తే వాళ్లకు అసలు ఇంజిన్ మీద చేయి తిరుగుతుంది. శిక్షణ శాఖ ఈ వేసవికి ముందే కరీంనగర్, ఆదిలాబాద్ ఐటీఐల్లో దీన్ని మొదలుపెట్టాలి. ఈలోగా పాత కారున్నవాళ్లు, రేపు పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే, రేడియేటర్ మూత తీసి లోపల ఉన్నది కూలెంటో బోరు నీళ్లో చూడండి. బోరు నీళ్లయితే వాటిని తీయించి కూలెంట్ పోయించండి, మూత కూడా మార్చేయండి.